గురువు లేని విద్యకు గురుదక్షిణ

‘గురువు లేని విద్య గుడ్డి విద్య’ అని మన పెద్దలు చెప్పుతూ వచ్చారు. ఆ మాటలో తరతరాల అనుభవం ఉన్నది. కొంత అన్యాయం కూడా ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. లోకంలో గురువు దొరకక తమంత తామే నేర్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. వారందరి విద్యా గుడ్డిది కాలేదు. ఆ వరుసలో మొదట జ్ఞాపకం వచ్చేవాడు ఏకలవ్యుడు. ద్రోణుడు శిష్యునిగా స్వీకరించకపోగా ఆ నిషాద బాలుడు అడవిలో మట్టితో గురువు బొమ్మ చేసుకొని, దాని ఎదుట అభ్యసించి, అర్జునుని కలవరపెట్టేంతటి విలుకాడైనాడు. తాను నేర్పని విద్యకు ద్రోణుడు బొటనవ్రేలు దక్షిణగా అడగడం, అతడు మారుమాట లేక కోసి ఇవ్వడం అందరికీ తెలిసిన కథే.

ఆ కథలో ధర్మాధర్మాలను గురించి ఎన్నో చర్చలు జరిగినాయి. కాని వాటిలో అంతగా వినిపించని ప్రశ్న ఒకటున్నది. ద్రోణునికి కాకపోతే ఏకలవ్యుడు నిజానికి ఎవరికి ఋణపడి ఉన్నాడు? బొమ్మ పలుకదు, తప్పు దిద్దదు. అతని బాణం తప్పినదని చెప్పినది లక్ష్యమే, తగిలినదని చెప్పినదీ లక్ష్యమే. స్వయంగా నేర్చుకొనేవానికి తాను గురిపెట్టిన వస్తువే గురువు. అటువంటప్పుడు గురుదక్షిణ కూడా దానికే చెందవలసి ఉంటుంది. లక్ష్యం చెట్టుకొమ్మ అయినంతకాలం ఈ మాట వేదాంతంగా తోస్తుంది. లక్ష్యం మరొక మనిషి అయిన నాడు ఇది ధర్మసంకటంగా మారుతుంది. సంగీతకారులను చిత్రించే ఛాయాగ్రాహకుని వృత్తిలో ఈ సంకటం కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదేమో.

ఛాయాచిత్రం మూగది. సంగీతం కంటికి కనబడనిది. ఒక మూగ కళ ఒక అగోచరమైన కళను పట్టుకొనబోవడమే విచిత్రం. వీణపై వ్రేలు ఉన్న చోటు కెమెరాకు దొరుకుతుంది, స్వరం దొరకదు. డోలుపై పుల్ల లేచిన క్షణం దొరుకుతుంది, దెబ్బ దొరకదు. అందుచేత సంగీత ఛాయాగ్రాహకుడు తీసుకొనిపోయేది సంగీతాన్ని కాదు, సంగీతం ఒక మనిషి ముఖంపై, మెడనరాలపై, మూసిన కన్నులపై విడిచిన జాడను. ఆ జాడ ఆ మనిషిది. దానిని పట్టుకొన్న నేర్పు ఛాయాగ్రాహకునిది. మరి చిత్రం ఎవరిది?

ఈ ప్రశ్నను ఒక చోట నిలిపి ఆలోచించడం మేలు. అందుకు పామేడును ఎన్నుకొంటున్నాను. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపుర్ జిల్లాలో, బస్తర్ సీమ దక్షిణపు అంచున ఉన్న అటవీ గ్రామం. దీని పేరుతోనే అడవిదున్నల రక్షణకై ఏర్పడిన అభయారణ్యం ఉన్నది. తెలంగాణలోని చర్ల వైపు నుండి చేరడమే సులువు. తమ జిల్లా కేంద్రానికి పోవలసినవారు కూడా ఎన్నో ఏండ్లు పొరుగు రాష్ట్రం గుండా చుట్టి పోవలసి వచ్చిన ఊరిది. ఈ ప్రాంతంలో దొర్లలు, కోయలు నివసిస్తారు. వారి మాటలో గోండీ మూలం, తెలుగు పొరుగు రెండూ వినిపిస్తాయి. సరిహద్దు రేఖ పటంపై ఉన్నది కాని డోలు చప్పుడుకు లేదు. రెండేండ్లకొకసారి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగినప్పుడు బస్తర్ నుండి కోయలు తరలివస్తారు. పెండ్లికీ పండుగకూ కొమ్ముల తలపాగాలు ధరించి డోళ్ళు కట్టుకొని ఆడే ఆటలు గోదావరికి ఇరువైపులా ఉన్నాయి.

ఇటువంటి ఊళ్ళకు కెమెరాలు వచ్చి దాదాపు ఒక శతాబ్దమైనది. పరిశోధకులు వచ్చారు, పత్రికలవారు వచ్చారు, ప్రభుత్వ శాఖలవారు వచ్చారు, యాత్రికులు వచ్చారు. కొమ్ముల తలపాగా ధరించిన నర్తకుని చిత్రం క్యాలెండర్లకూ, ప్రదర్శనశాలలకూ, పుస్తకాల అట్టలకూ ఎక్కినది. ఆ చిత్రం తిరిగి ఆ ఇంటి గోడకు చేరిన సందర్భాలు ఎన్ని? చేరవలసిన అవసరం ఉన్నదా? ఉన్నదని నా అభిప్రాయం. అయితే దానిని నిరూపించడానికి ముందు ఈ విద్యలో పేరుపొందిన స్వయంశిక్షితుడొకని జీవితాన్ని పరిశీలించడం అవసరం. అందుకు పామేడు నుండి చాలా దూరం, అమెరికా దాకా పోవలసి ఉన్నది. అక్కడ ఈ ప్రశ్నకు ఒక జీవితకాలం పట్టిన సమాధానం దొరుకుతుంది.

విలియం గాట్‌లీబ్ 1917లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. కళాశాలలో అర్థశాస్త్రం చదివే రోజులలో జబ్బుపడి మంచం పట్టినప్పుడు ఒక మిత్రుడు అతనికి జాజ్ సంగీతాన్ని పరిచయం చేశాడు. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన ప్రజల సంతతి అమెరికా నేలపై సృష్టించిన మహత్తర సంగీతమది. 1938లో పట్టా పుచ్చుకొని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ప్రకటనల విభాగంలో చేరిన గాట్‌లీబ్, ఆ పత్రికలోనే వారం వారం జాజ్‌పై శీర్షిక వ్రాయడం ప్రారంభించాడు. రాత్రివేళ సంగీతశాలలకు ఛాయాగ్రాహకుని పంపే ఖర్చును పత్రిక కొంతకాలానికి భరించనన్నది. వ్యాసానికి బొమ్మ కావాలి, బొమ్మ తీసేవాడు లేడు. గాట్‌లీబ్ తానే ఒక స్పీడ్ గ్రాఫిక్ కెమెరా సంపాదించి, తంటాలు పడి, దాని మర్మం నేర్చుకొన్నాడు. అతని ఛాయాగ్రహణ విద్యకు ఇంతకు మించిన పాఠశాల లేదు.

స్పీడ్ గ్రాఫిక్ అంటే ఈనాటి చేతిసంచిలో ఇమిడే యంత్రం కాదు. బరువైనది. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క ఫిల్ము పలకను అమర్చాలి, ఒక్కొక్క మెరుపుకు ఒక్కొక్క దీపపు బుడ్డిని మార్చాలి. ఆ ఖర్చు అతని జేబులోనిది. కనుక ఒక రాత్రి మూడు నాలుగు చిత్రాలకు మించి తీసేవాడు కాదు. ఈ పేదరికమే అతనికి శిక్షణ అయినది. మూడే అవకాశాలున్నవాడు ఎప్పుడు మీట నొక్కాలో ముందుగా తెలిసికొని ఉండాలి. పాట ఎక్కడ ఎత్తుకొంటుందో, వాద్యకారుడు ఏ మలుపులో తనను తాను మరచిపోతాడో తెలియాలి. అది చూపుతో తెలిసేది కాదు, వినికిడితో తెలిసేది. గాట్‌లీబ్ ముందుగా శ్రోత, తరువాత విమర్శకుడు, అటుపిమ్మటనే ఛాయాగ్రాహకుడు. అతనికి కెమెరా పట్టడం ఎవరూ నేర్పలేదు, నిజమే. కాని ఎప్పుడు పట్టాలో సంగీతమే నేర్పినది.

1947 ప్రాంతంలో న్యూయార్క్‌లో అతడు తీసిన బిల్లీ హాలిడే చిత్రం జాజ్ చరిత్రలో చెరగని గుర్తుగా నిలిచినది. గాయని తల కొంచెం వెనుకకు వాలి ఉన్నది. కన్నులు మూసుకొనబోతున్నాయి. నోరు తెరిచి ఉన్నది, గొంతు మొత్తం వెలుగులో ఉన్నది. ఆమె కంఠంలోని వేదనను వ్యాసంలో వర్ణించిన చెయ్యే దానిని చిత్రంలో వెదకినది. చెవి ముందు నడిచి కంటికి దారి చూపడమంటే ఇదే. ‘గుడ్డి విద్య’ అన్న నింద ఇక్కడ చెల్లదు. ఎదుటి కళాకారిణి పాటయే అతని కన్ను తెరిపించినది.

గాట్‌లీబ్ వృత్తిజీవితంలో చిత్రాలకన్న విశేషమైనది అతడు వాటిని ఏమి చేశాడన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసి వచ్చి, న్యూయార్క్‌లో డౌన్‌బీట్ పత్రికలో వ్రాస్తూ చిత్రిస్తూ ఉండి, 1948లో, ముప్పది ఒకటవ ఏట, జాజ్ రంగాన్ని విడిచిపెట్టాడు. రాత్రులన్నీ సంగీతశాలలలో గడిపే జీవనం సంసారికి కుదరదని గ్రహించాడు. ఆ తరువాత మూడు దశాబ్దాలు బడిపిల్లల కోసం విద్యా చిత్రమాలికలు తయారుచేశాడు. ఉద్యోగ విరమణ అనంతరం 1979లో ‘ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ జాజ్’ అన్న పుస్తకంగా పాత చిత్రాలు వెలికివచ్చినప్పుడు లోకం వాటి విలువ తెలిసికొన్నది. 1995లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ సంచయాన్ని కొనుగోలు చేసినది. ఆయన 2006లో మరణించారు. ఆయన కోరిక ప్రకారం 2010 ఫిబ్రవరిలో ఆ చిత్రాలన్నీ ప్రజల ఆస్తి అయినాయి. ఈనాడు ఏ ఊరి విద్యార్థి అయినా వాటిని రుసుము లేక, అనుమతి అడగక వాడుకొనవచ్చును.

ఇది ఒక విధమైన గురుదక్షిణ. తన పేరుతో ఉన్న ఆస్తిని ఎల్లకాలం తనవారికే పరిమితం చేయక లోకానికి విడిచిపెట్టడం. దీనిని ప్రశంసించవలసిందే. అయితే ఒక సందేహం మిగులుతుంది. చిత్రాలు లోకానికి చేరినాయి సరే, అవి ఎవరి ముఖాల నుండి పుట్టినాయో ఆ సంగీతకారులకు ఏమి చేరినది? ధనరూపంలో లెక్క కట్టడం నా ఉద్దేశ్యం కాదు. ఒక్కటి మాత్రం గమనింపదగినది. గాట్‌లీబ్ చిత్రాలలో ఉన్నవారు ‘నల్లజాతి వాద్యకారుడు’ అన్న పేరుతో లేరు. బిల్లీ హాలిడే, డ్యూక్ ఎల్లింగ్టన్, థెలోనియస్ మంక్ అన్న వారి వారి పేర్లతో ఉన్నారు. వర్ణభేదం చట్టసమ్మతంగా చెలామణి అయిన కాలంలో, ఒక కళాకారుని జాతికి నమూనాగా కాక, ఫలానా మనిషిగా చూపడం చిన్న సంగతి కాదు. పేరు పెట్టి పిలవడం మర్యాదలలో మొదటిది.

ఇదే రంగంలో మరొక స్వయంశిక్షితుడు మిల్ట్ హింటన్ (1910-2000). ఆయన స్వయంగా పేరుమోసిన వాద్యకారుడు, నిలువెత్తు బాస్ వాయించేవాడు. 1935లో పుట్టినరోజు కానుకగా ఒక కెమెరా లభించినది. అప్పటి నుండి, తోటివారితో కలిసి రైళ్ళలో, బస్సులలో, తెరవెనుక గదులలో గడిపిన దశాబ్దాలలో, అరువది వేలకు పైగా చిత్రాలు తీశాడు. అవి వేదికకు ఎదురుగా కూర్చున్నవాడు తీసినవి కావు, వేదికపై పక్కన నిలిచినవాడు తీసినవి. అలసి నిద్రపోతున్న మిత్రులు, భోజనం పంచుకొంటున్న మిత్రులు, దక్షిణ రాష్ట్రాలలో ‘తెల్లవారికి మాత్రమే’ అన్న పలకల కింద నిలబడిన మిత్రులు. 1959లో బిల్లీ హాలిడే చివరి రికార్డింగు వేళ ఆమె ముఖాన్ని చిత్రించినవాడూ ఆయనే. ఆ గదిలో ఆయన తోటి వాద్యకారుడు. చిత్రానికి గురి అయినవారే బంధువులైనప్పుడు ఋణం ఎక్కడిదన్న ప్రశ్న దాదాపు మాయమవుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం రోజూ జరుగుతూనే ఉంటుంది.

గాట్‌లీబ్ బయటి నుండి వచ్చిన ప్రేమికుడు, హింటన్ లోపలి మనిషి. మన ప్రాంతపు ఛాయాచిత్ర చరిత్రను ఈ రెండు కొలమానాలతో చూడవచ్చును. బస్తర్ సంగీత నృత్యాలను లోకానికి పరిచయం చేసినవారిలో వెరియర్ ఎల్విన్ ముఖ్యుడు. ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం, క్రైస్తవ వేదాంతం చదివిన ఈ ఆంగ్లేయుడు 1927లో భారతదేశానికి వచ్చాడు. మానవశాస్త్రంలో ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు శిక్షణ ఇవ్వలేదు. అడవిలో నివసించి, పాటలు సేకరించి, చిత్రాలు తీసి, తానే ఆ శాస్త్రాన్ని నేర్చుకొన్నాడు. 1940ల ఆరంభంలో బస్తర్ సంస్థానంలో పనిచేసి, 1947లో మురియాల ఘోటుల్ వ్యవస్థపై బృహద్గ్రంథం వెలువరించాడు. ఇటు ఆదిలాబాదు గోండుల మధ్య హైమన్‌డార్ఫ్ పనిచేశాడు. ఎల్విన్ బాటలో బస్తర్ సీమకు వచ్చిన సునీల్ జానా (1918-2012) వంగదేశపు కరువును చిత్రించిన కెమెరాతోనే ఆదివాసుల ఆటపాటలనూ చిత్రించాడు. వీరు లేకపోతే ఆ కాలపు వేషాలు, వాద్యాలు, నాట్యభంగిమలు మనకు ఈ మాత్రమైనా మిగిలేవి కావు. వారికి కృతజ్ఞత చెప్పవలసిందే.

అయినా ఆ కాలపు మానవశాస్త్ర గ్రంథాలను తిరగవేసినవారికి ఒక విషయం తోచక మానదు. చిత్రం కింద తెగ పేరు ఉంటుంది, తరచు గ్రామం పేరు ఉంటుంది, వ్యక్తి పేరు అరుదు. డోలు కొట్టే మనిషి ‘డోలు కొట్టే మారియా’ అవుతాడు. ఇది ద్వేషంతో చేసిన పని కాదు. ఆ శాస్త్రపు దృష్టి సమూహంపైన ఉన్నది కనుక వ్యక్తి తెరమరుగయ్యాడు. కాని కళ సమూహానిదైనా, దానిని ఆ సాయంకాలం వాయించిన చేతులు ఒకానొక మనిషివి. త్యాగరాజ కీర్తన పాడుతున్న గాయకుని చిత్రం కింద ‘పాడుతున్న దక్షిణ భారతీయుడు’ అని వ్రాస్తే మనం ఒప్పుకొంటామా? సభలో పాడినవానికి పేరు ఉండి, అడవిలో వాయించినవానికి లేకపోవడంలో కళ పట్ల మన తారతమ్య దృష్టి దాగి ఉన్నది.

మార్లవాయి గ్రామం దీనికి మంచి ఉదాహరణ. నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఆ గోండు పల్లెలో 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు నివసించారు. ఆ ఊరు వారిని తనవారిగా ఎంచి నేటికీ స్మరిస్తున్నది. దీపావళి వేళ దండారిలో నెమలి ఈకల కిరీటాలు ధరించి ఆడే గుస్సాడీ వేషగాళ్ళ చిత్రాలు ఆ కాలం నుండి దేశదేశాలు తిరిగినాయి. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ లభించినది. 2024లో ఆయన మరణించినప్పుడు పత్రికలు ఆయన పేరుతో వార్త వ్రాసినాయి. ‘గుస్సాడీ వేషగాడు’ అన్న మాట నుండి ‘కనక రాజు’ అన్న పేరు దాకా నడవడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టినది.

పామేడుకు మరింత చేరువలో మరొక పేరున్నది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలి కళాకారుడు. కోయల వంశగాథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు వాయిస్తూ కోయభాషలోనూ తెలుగులోనూ గానం చేసినవారు. 2022లో పద్మశ్రీ అందుకొని, 2024లో కన్నుమూశారు. ఆయన సంప్రదాయంలో మన చర్చకు వెలుగునిచ్చే వస్తువు ఒకటున్నది. దానిని పడిగె అంటారు. ఇలవేల్పుల కథలు బొమ్మలుగా ఉన్న గుడ్డ అది. జాతర వేళ పడిగెను ఎత్తిపట్టి, డోలివారు దానిపైని గాథను గానం చేస్తారు.

పడిగె కూడా చిత్రమే. అదీ మూగదే. కాని దానిని ఒంటరిగా ఎవరూ చూడరు. దానికొక వంశం ఉన్నది, ఆ వంశానికి వేల్పు ఉన్నది, ఆ వేల్పు కథ తెలిసిన డోలి ఉన్నాడు. డోలి పాడితేనే చిత్రం పలుకుతుంది. పాడేవాడు లేని పడిగె మడతపెట్టిన గుడ్డ మాత్రమే. చిత్రానికీ గానానికీ, చిత్రంలో ఉన్నవారికీ దానిని చూచేవారికీ ఉండవలసిన సంబంధాన్ని ఈ అడవులు కెమెరా రాకపూర్వమే నిర్ణయించుకొన్నాయి. బయటి నుండి కెమెరా పట్టుకొని వచ్చినవారు ఆ ఒప్పందాన్ని గమనించలేదు. వారు చిత్రాన్ని తీసుకొనిపోయారు, దానిని పలికించే కథను ఇక్కడనే విడిచిపోయారు. పేరు, ఊరు, సందర్భం లేని ఛాయాచిత్రం డోలి లేని పడిగె వంటిది.

చట్టం ఏమంటున్నదని అధికార పాఠకులు అడగవచ్చును. 1957 నాటి మన కాపీరైటు చట్టం ఛాయాచిత్రంపై హక్కును సామాన్యంగా దానిని తీసినవానికే ఇస్తుంది. చిత్రం తీసినవాని జీవితకాలమూ, అతడు మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏండ్లూ ఆ హక్కు ఉంటుంది. ప్రదర్శకునికి తన ప్రదర్శనపై హక్కు ఉన్నదని ఈ చట్టం తొలిసారి గుర్తించినది 1994 సవరణలో. ఫలానా ప్రదర్శన తనదని పేరు చెప్పించుకొనే నైతిక హక్కు 2012 సవరణతో వచ్చినది. ఈ హక్కులు ముఖ్యంగా ప్రదర్శననూ దాని శ్రవ్య దృశ్య ముద్రణనూ ఉద్దేశించినవి. ఒక నిశ్చల చిత్రం కింద డోలు కొట్టినవాని పేరు వ్రాయడమన్నది నేటికీ ఎక్కువగా మర్యాదకు మిగిలిన విషయమే. చట్టం దొంగతనాన్ని ఆపగలదు, కృతజ్ఞతను పుట్టించలేదు.

ఇక్కడ ఛాయాగ్రాహకుల పక్షాన రెండు ఆక్షేపణలు వినవలసి ఉన్నది. మొదటిది జీవనోపాధికి సంబంధించినది. స్వయంగా నేర్చుకొన్నవాడు సామాన్యంగా సంపన్నుడు కాడు. అప్పుచేసి కెమెరా కొని, సొంత ఖర్చుతో అడవికి వచ్చి, వానలో తడిసి, పది చిత్రాలతో తిరిగిపోయినవానికి ఆ పదింటిపైనే కదా బ్రతుకు? అడుగడుగునా అనుమతులూ లెక్కలూ పెడితే కళ సాగదు. సహజమైన క్షణం చేజారుతుంది. ఈ మాటలో నిజమున్నది. అయితే దక్షిణ అంటే ధరకు మరో పేరు కాదు. గాట్‌లీబ్ తన చిత్రాలను అమ్ముకొన్నాడు కూడా. దక్షిణ అంటే, ఈ విద్య నాకు వీరి వలన వచ్చినదన్న స్పృహను ఏదో ఒక పనిలో చూపడం. పేరు అడిగి వ్రాసికొనడానికి ధనం అక్కరలేదు. క్షణం గడచిన తరువాత అడగవచ్చును. పాట ఆగిన తరువాత పది నిమిషాలు కూర్చోలేనివాడు పాట నడిచినంతసేపూ విన్నాడని నమ్మడం కష్టం.

రెండవ ఆక్షేపణ దీనికన్న బరువైనది. పేరు వ్రాయడం అన్ని చోట్లా మేలు చేస్తుందా? పామేడు ప్రాంతం దశాబ్దాల పాటు సాయుధ సంఘర్షణను చూచినది. అటువంటి చోట ఒక మనిషి ముఖం, పేరు, ఊరు ఒక్కచోట అచ్చుకావడం అతనికి గౌరవమే కావచ్చు, ఆపదా కావచ్చు. పట్నంలో కూర్చున్న సంపాదకునికి శీర్షికగా తోచినది పల్లెలో సాక్ష్యంగా మారవచ్చు. కనుక పేరు తప్పక వ్రాయాలన్న నియమాన్ని గుడ్డిగా అమలుచేయరాదు. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా అంగీకరిస్తాను. అంగీకరించిన మీదట తేలేది ఏమిటి? పేరు వ్రాయడం గౌరవమే, అడగకుండా వ్రాయడం గౌరవం కాదు. అడగకుండా విడిచిపెట్టడం కూడా గౌరవం కాదు. రెండింటికీ మూలం ఆ మనిషి అభీష్టమే. ‘మీ పేరు వేయమంటారా?’ అన్న ప్రశ్నకు ‘వద్దు’ అన్న సమాధానం వచ్చినా, ఆ ప్రశ్న అడిగిన చిత్రానికీ అడగని చిత్రానికీ భేదమున్నది. మొదటిదానిలో పేరు దాచుకొన్న మనిషి ఉన్నాడు, రెండవదానిలో పేరు పోగొట్టుకొన్న మనిషి ఉన్నాడు.

మన ప్రభుత్వ సంస్థలు ఈ విషయంలో వ్యక్తులకన్న ఎక్కువ చేయగలవు. సాంస్కృతిక ఉత్సవాలలో, గిరిజన సంక్షేమ కార్యక్రమాలలో ప్రతి సంవత్సరం ఎన్నో చిత్రాలు తీయబడుతున్నాయి. ఒక్కొక్క చిత్రంతో పాటు కళాకారుడు సమ్మతించిన పేరు, గ్రామం, వాద్యం పేరు, ఆ రోజు వాయించిన సందర్భం నాలుగు వాక్యాలలో నమోదు చేయడం కష్టమైన పని కాదు. ఒక ప్రతిని ఆ కళాకారునికి, ఒక ప్రతిని ఆ ఊరి బడికి పంపడం అంతకన్న సులువు. విదేశీ గ్రంథాలయాలలో, మన ప్రదర్శనశాలలలో ఉన్న పాత చిత్రాలను ఆయా గ్రామాలకు తీసుకొనిపోయి, పెద్దలకు చూపి, గుర్తుపట్టినవారి పేర్లు వ్రాయించడం మరికొంత శ్రమ. ఆ పెద్దలు ఒక్కొక్కరే రాలిపోతున్నారు కనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు.

అంతేకాదు, కెమెరా ఈనాడు పామేడు యువకుని జేబులోనే ఉన్నది. చేతిఫోనుతో తన ఊరి డోళ్ళ చిత్రాలు తీస్తున్న కుర్రవానికి గురువు లేడు. అతడూ ఏకలవ్యుడే. ఏకకాలంలో హింటన్ వలె లోపలి మనిషి కూడా. ఎదురుగా వాయిస్తున్నవాడు అతనికి మేనమామ, చిన్నాయన, అన్న. పేరు అడగవలసిన పని లేదు, తెలుసు. అయినా అతనికి ఒక ప్రమాదమున్నది. గాట్‌లీబ్‌కు పేదరికం నేర్పిన సంయమనం అతనికి యంత్రం నేర్పదు. ఒక్క రాత్రిలో వేయి చిత్రాలు తీయగలిగినవాడు ఒక్క పాటను కూడా వినకుండా ఉండగలడు. తన ఊరి డోలు చప్పుడులో ఎత్తుగడ ఎక్కడో, మలుపు ఎక్కడో, ఏ దెబ్బకు నర్తకుల కొమ్ములు ఒక్కసారిగా వంగుతాయో తెలిసికొన్న నాడు అతని విద్యకు కన్నులు వస్తాయి. ఆ తెలివిని అతనికి ఇవ్వగలిగినది డోలు వాయించే ఆ పెద్దవాడే.

అప్పుడు ఏకలవ్యుని కథను మళ్ళీ తలచుకొనవచ్చును. అక్కడ నేర్పని గురువు దక్షిణ అడిగినాడు. ఇక్కడ నేర్పినవాడు తాను గురువునని ఎరుగడు, ఏమీ అడగడు. అడగనివానికి చెల్లించవలసిన ఋణం అడిగేవాని ఋణంకన్న బరువైనది. అది చెల్లినదో లేదో లెక్క చూచేవాడు బయట ఎవడూ ఉండడు. వ్రేలు కోసి ఇవ్వవలసిన పని కూడా లేదు. ఆ వ్రేలితోనే మీట నొక్కి, ఆ వ్రేళ్ళతోనే చిత్రం వెనుక ఒక పేరు వ్రాసి, వచ్చే పండుగలోగా ఆ ప్రతిని వాయించినవాని ఇంటికి తీసుకొనిపోయి చేతికి ఇస్తే చాలును.